అట్లతద్ది నాటి సన్నపాటి ఐపీసు

ఆ రోజుల్లో ఏదైనా ఎంత ఎక్కువుంటే అంత మంచిదని నా గట్టి నమ్మకం. కూరలో కారం దగ్గర్నుంచి టెలిస్కోపు దాకా అదే సూత్రం. హిందీ మాట్లాడే చోట, ఉర్లాలో ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం, దగ్గర్లోని టాటీబంధ్‌లో అద్దె ఇల్లు, పెళ్ళయి నాలుగు నెలలు. ముచ్చటపడి కొన్న బుల్లి టెలిస్కోపుతో రెండు ఐపీసులు వచ్చాయి (కన్ను ఆనించి చూసే గొట్టాలన్నమాట). లావుపాటిది కొద్దిగా పెద్దది చేస్తుంది, సన్నపాటిది బోలెడంత. లావుదాన్ని నేను డబ్బాలోంచి తియ్యనైనా లేదు.

ఇంతలో మా ఆవిడ తొలి అట్లతద్ది వచ్చింది. తెల్లవారకముందు పెరుగన్నం తిన్నదే, తర్వాత మంచినీళ్ళు కూడా ముట్టలేదు. చంద్రుణ్ణి చూశాకే అట్లు తినాలి. "ఇవాళ చంద్రుడి మీద గుంటలు చూపిస్తా, అప్పటిదాకా తలెత్తకు" అని పొద్దున్నే కోతలు కోశాను. సాయంత్రం పూజయ్యాక డాబా ఎక్కి సన్నపాటి గొట్టం బిగించాను. అందులో కనబడే ఆకాశం గోరంత. చంద్రుడు దొరకడు, దొరికినా మసగ్గా వణికి పక్కకి జారిపోతాడు. స్టాండేమో ఊపిరి పీల్చినా ఊగుతుంది. అలా అరగంట గడిచింది. "ఒరేయ్, పిల్ల కళ్ళు తిరిగి పడేలా ఉంది, ఇక ఆపరా" అంది అమ్మ. పక్క డాబా మీంచి పొరుగింటి భాభీ, "భైయా, చాంద్ తో సామ్‌నే హై, సీధా దేఖ్ లో నా" అంది, ఎదురుగానే ఉన్నాడుగా, నేరుగా చూసేయండని. నిజమే, చంద్రుడు ఎదురుగా పళ్ళెమంత ఉన్నాడు. మా ఆవిడ మాత్రం తల వంచుకుని కూర్చుంది.

"నువ్వు చూసేసి తినవే" అంది అమ్మ.

"ఆయన చూపిస్తానన్నారు కదత్తయ్యా" అంది నీరసంగా. ఆమే మళ్ళీ, "ఏవండీ, డబ్బాలో ఇంకోటుంది కదా, అది పెట్టి చూడరాదూ?" అంది.

పరువు పోతే పోయిందని లావుది పెట్టాను. మరుక్షణం చంద్రుడు అంచులతో, గుంటలతో సహా వచ్చి కుదురుగా నిలబడ్డాడు. ఆమె చూసి, "అబ్బ, ఎంత బావున్నాడండీ" అని వంటింట్లోకి పరుగెత్తింది. నాలుగో అట్టుకి ఆమె మొహంలోకి కళ వచ్చాక నా ప్రాణం కుదుటపడింది (నేనూ అప్పుడే తిన్నాను, ఏడు).

ఈమధ్య అడిగాను, ఆ రోజు నిజంగానే తలెత్తలేదా అని. "పూజ దగ్గర కిటికీలోంచి ముందే చూసేశానండీ. మీరంత సంబరపడుతుంటే చెప్పబుద్ధి కాలేదు" అంది. ఇన్నేళ్ళూ దాచిందన్నమాట. గొట్టానికి కన్ను ఆనించి, పక్కనున్న మనిషి ఆకలి చూడని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది.