చెవికి తగలని తప్పు

కొత్త గోనెసంచి వాసన నాకు ఇప్పటికీ పడదు. మొన్న మా వీధి కొట్లో బియ్యం బస్తా మూతి కుట్టు విప్పుతుంటే ఆ వాసన గుప్పుమంది. సరుకులు అక్కడే వదిలేసి బయటికొచ్చేశాను. కొట్టువాడు నాకు మతి పోయిందనుకుని ఉంటాడు. అనుకోనీ! విజయనగరంలో జూట్ మిల్లు వెనక వీధిలో ఉండేది జగన్నాథం మాస్టారి ఇల్లు. ఆ ఇంటినిండా ఇదే వాసన. అరవైల చివర నేను బి.ఏ. చదివే రోజుల్లో ఆయన మా కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. తర్వాత నేను ఇంగ్లీషు టీచరునై ఇన్నేళ్లు అన్నం తిన్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

క్లాసులో ఇంగ్లీషు తప్ప మరో మాట ఆడేవారు కాదు. ఇంటి అరుగు మీద కూర్చుంటే మాత్రం రాజాం పక్క పల్లెటూరి రైతుబిడ్డే. నా ఇంగ్లీషు వ్యాసం తిరగేస్తూ, "ఏటే పార్వతీ, మందు తాగించీసినావా రోగి సేత?" అని పకపకా నవ్వేవారు. "మనం మందు తాగుతాం. ఇంగ్లీసోడు మందు తీసుకుంటాడు. ఏ మాట పక్కన ఏ మాట కూకోవాలో మనకి మనమ్మ సెప్పింది, ఆడికి ఆడమ్మ సెప్పింది. మనం ఆడి మాటలు తెచ్చి మనమ్మ సెప్పిన వరసలో కూకోబెడతన్నాం. అదీ సంగతి." ఆయనకి అదే లోకం. తెలుగు పిల్లల ఇంగ్లీషు వ్యాసాల్లో మాటలు అలా ఎందుకు జతపడతాయో, దానిమీదే డాక్టరేటుకి పరిశోధన గ్రంథం రాస్తున్నారు. వీధి బడిలో చదివినవాడికి ఇంగ్లీషేం వస్తుందని కాలేజీలో కొందరు చాటున ఈసడించేవారు. డాక్టరేటు వస్తే వాళ్ల నోళ్లు మూతపడతాయని ఆయన ఆశ.

ఆదివారం పొద్దున్నే అరుగు మీద చాప పరిచి మమ్మల్ని కూర్చోబెట్టి, ఆ వారం రాసిందంతా పైకి చదివేవారు. తోటి లెక్చరర్లు కూడా వచ్చేవారు. "కళ్లు మోసం సేస్తాయి, సెవి సెయ్యదు. ఎక్కడ సెవికి తగిల్తే అక్కడ సెయ్యెత్తండి, మొహమాటపడకండి" అనేవారు. మేం చెవులు రిక్కించి వినేవాళ్లం. ఒక్కరికీ ఏదీ తగిలేది కాదు. ఎంత హాయిగా ఉండేదనుకున్నారు ఆ ఇంగ్లీషు! రాయి లేని అన్నంలా గొంతు దిగిపోయేది. ఎవరూ చెయ్యెత్తని ఆదివారం మాస్టారి మొహం వెలిగిపోయేది.

వానాకాలంలో ఆ గ్రంథం తిరిగొచ్చింది. పరీక్షించినవారిలో ఒకాయన విదేశీయుడు. అంశం బాగుందిగానీ ఏ తప్పుల గురించి రాశారో ఆ తప్పులే ప్రతి అధ్యాయంలోనూ ఉన్నాయి, దిద్ది పంపండి అన్నాడట. మాస్టారు మమ్మల్ని పిలిపించి, ఆ విదేశీయుడు గీత గీసిన వాక్యం ఒకటి చదివారు. పిల్లలు క్లాసులో సందేహాలు అడిగారని దాని అర్థం. ఎవరికీ ఏమీ అనిపించలేదు. మళ్లీ చదివారు. అప్పుడూ ఎవరి చెయ్యీ లేవలేదు.

"సందేహం ఉంటాదట గాని దాన్ని అడగరట. ప్రశ్నే అడుగుతారట" అన్నారు నెమ్మదిగా. "మనందరికీ సెవులు ఒక్క కాడినుంచే వచ్చినాయర్రా. ఇంకెవుడు సెయ్యెత్తుతాడు?"

నాకు ఏడుపు ఆగలేదు. అన్ని ఆదివారాలు అక్కడ కూర్చుని మేం వెలగబెట్టిందేమిటి?

దిద్దడానికి కూర్చున్నారు పాపం. కానీ ఏ వాక్యం చూసినా అనుమానమే. బాగున్నవాటిని కూడా కొట్టేసేవారు. ఆయన భార్య అన్నపూర్ణమ్మగారు, "కూడు సల్లారిపోతన్నాది, లెగండి" అని పిలిచి పిలిచి విసిగిపోయేది. రానురాను క్లాసులో కూడా సొంత వాక్యం మానేశారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివి, తల వంచుకుని వెళ్లిపోయేవారు. వెనక బెంచీల్లో కిసుక్కుమని నవ్వులు. ఆ నవ్విన వెధవల చెంపలు వాయించాలనిపించేది నాకు. గ్రంథం మళ్లీ వెళ్లనేలేదు.

నాకు బడిలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఆయన మంచాన పడ్డారని తెలిసి వాళ్ల ఊరెళ్లాను. మనిషి సగమైపోయారు. నన్ను చూసి, "పాఠాలు సెప్తన్నావటే?" అన్నారు.

"సెప్తన్నాను మాస్టారూ."

"ఆ సందేహాల వాక్యం... ఇప్పుడైనా సెవికి తగుల్తన్నాదా?"

అబద్ధమాడదామంటే నోరు రాలేదు. "తప్పని తెలుసు మాస్టారూ. తగలడం మాత్రం లేదు" అన్నాను.

కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదాయన. "అయితే సెవుడు నాకొక్కడికే కాదన్నమాట" అన్నారు. అందులో ఊరటా ఉంది, దుఃఖమూ ఉంది. ఆ నెల దాటకుండానే పోయారు. ఆ కాగితాలు చెదపురుగుల పాలయ్యాయని తర్వాత అన్నపూర్ణమ్మగారు చెప్పింది.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ, పిల్లలు అలా రాస్తే ఎర్రగీత గీసి ఊరుకోలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, మనం ఎందుకలా అంటామో, ఆ మాట మనకి ఎవరి నోటినుంచి వచ్చిందో మొదటినుంచీ చెప్పేదాన్ని. ఆయన రాసింది అదే. ఎవరూ ఒప్పుకోని ఆ పుస్తకంలో నాకు గుర్తున్నదంతా, జగన్నాథం మాస్టారు చెప్పారు అంటూ ఆయన పేరు పెట్టే చెప్పాను. ఇప్పుడు పింఛను తీసుకుంటున్నాను. చెబుదామంటే ఎదురుగా పిల్లలు లేరు.