గోల్ఫు గుంట చుట్టూ అలికిన నేల

మా ఊళ్ళో ఆడపిల్లలం గోల్ఫు ఆడామంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. మా మనవరాలైతే "చాల్లే అమ్మమ్మా, కోతలు!" అని నవ్వుతుంది. నమ్మకపోతే పో! ఆడాం. గుంటూరు మిరపచేల మధ్య, లంగాలు ఎగదోపుకుని, చెప్పుల్లేని కాళ్ళతో ఆడాం.

పందొమ్మిది వందల యాభైల చివరి రోజుల మాట. నేను ఎనిమిదో తరగతి. మా ఊరి చివర మిషను వాళ్ళ ఆడపిల్లల బడి ఉండేది. అక్కడి పెద్ద టీచరు గారు చిన్నప్పుడు మిషను బంగళాలో పెరిగారు. దొరసానులు సాయంత్రం పూట గోల్ఫు ఆడుతుంటే కర్రల సంచీ భుజాన వేసుకుని వాళ్ళ వెనకాల నడవడం ఆవిడ పని. ఒక్కసారి కూడా ఆవిడను కొట్టనివ్వలేదట. వాళ్ళు దేశం విడిచి వెళ్ళిపోతూ ఆ సంచీ ఆవిడకే వదిలేశారు. ఆవిడ దాన్ని తెచ్చి మా ముందు పెట్టి, "మీరు మొయ్యక్కర్లేదర్రా, కొట్టండి" అన్నారు.

బడి వెనక ఏ పంటా వెయ్యని నల్లరేగడి నేల చెక్క ఒకటి ఉండేది. అందులో పాలపొడి డబ్బాలు పాతాం. అవే మా గోల్ఫు గుంటలు. దూరం నుంచి బంతిని కర్రతో కొట్టుకుంటూ వచ్చి, తక్కువ దెబ్బల్లో డబ్బాలో వేసినవాళ్ళు గెలిచినట్టు. మాకు కొట్టడం చేతగాక బంతికి బదులు మట్టిపెళ్ళలు లేచేవి. టీచరు గారు ఏనాడూ కోప్పడలేదు. "తప్పినా హాయిగా నవ్వుకోండి. ఆట అంటే అదే" అనేవారు. ఎవరికైనా దెబ్బ సరిగ్గా పడి బంతి గాల్లోకి లేచిందా, అందరికంటే ముందు చప్పట్లు ఆవిడవే. టక్కుమనే ఆ చప్పుడు వింటే నాకు ప్రాణం లేచొచ్చేది. ఇంట్లో గట్టిగా నడిస్తేనే తిట్లు తినే పిల్లలం, ఒళ్ళంతా కూడదీసుకుని ఒకటి కొట్టి, పైగా మెప్పు పొందడం! మాకు అంత సంతోషం ఇంకెక్కడా దొరికేది కాదు.

ఆ చలికాలం నేను పెద్దమనిషినయ్యాను. అమ్మ లేని నన్ను పెంచింది మా నాయనమ్మే. ఆవిడ ఒక్కటే మాట చెప్పింది. "ఓణీ వేసుకున్న పిల్ల మగరాయుడిలా కర్ర తిప్పుద్దా? పైగా ఆ నేల నెర్రెలిస్తే పాములు చేరతయ్యే. బడికి పో, చదువుకో, రా. ఆ కర్ర ముట్టుకున్నావంటే బడి కూడా మానిపిస్తా." ఏడ్చాను, అన్నం మానేశాను. ఆవిడ కరగలేదు. సాయంత్రాలు మిగతా పిల్లలు ఆడుతుంటే నేను గోడ పక్కన నిలబడి చూసేదాన్ని. ఒళ్ళు మండిపోయేది.

మిరపకాయలు కల్లాలకు చేరే రోజులకి ఆ చెక్క అంతా నెర్రెలు విచ్చింది. బంతి డబ్బా దాకా వచ్చి, పక్కనున్న నెర్రెలో పడిపోయేది. పత్తికట్టెతో కెలికి తీసుకోవాలి. రైతుల ఇళ్ళ పిల్లలం, మాకు తెలిసిన ఉపాయం ఒకటే. కల్లం చేసినట్టు చేశాం. నెర్రెలు పూడ్చి, దిమ్మిసతో కొట్టి, డబ్బా చుట్టూ గుండ్రంగా పేడతో అలికాం. అలకడం ఆట కాదు కదా, నేనూ చెయ్యి వేశాను. బంతి దొర్లితే చెరిగిపోతుందని ముగ్గు మాత్రం వెయ్యలేదు.

మా వైపు అలికిన నేలను ముగ్గు లేకుండా వదిలేస్తే దానికి అర్థం ఒకటే. అక్కణ్ణుంచి శవం లేచిందని. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు, టీచరు గారికీ తట్టలేదు.

రోడ్డున గడ్డిమోపుతో పోతున్న ఒకావిడ అది చూసింది. మా కల్లం దగ్గర ఆగి, మిరపకాయల్లో తాలుకాయలు ఏరుతున్న నాయనమ్మతో, "బడెనకాల అలికి ముగ్గెయ్యకుండా వదిలేశారమ్మా. ఏ పిల్లని పాము కరిచిందో ఏమో" అందట.

నాయనమ్మ పరిగెత్తుకొచ్చింది. ఏనాడూ మిషను గేటు దాటని మనిషి, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా, "నా తల్లీ! నా తల్లీ!" అని అరుస్తూ వచ్చింది. దారంతా మిరపకాయల చేతులతోనే కన్నీళ్ళు తుడుచుకుందేమో, కళ్ళు వాచిపోయి తెరుచుకోవడం లేదు. ఎదురుగా ఉన్నా నేను కనబడలేదు. "నాయనమ్మా, నేనే!" అని పట్టుకుంటే నా తల, మొహం, భుజాలు తడిమి చూసింది. ఆ చేతుల కారం నాకూ అంటుకుంది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చాం.

టీచరు గారు చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆవిడ తల పొదివి పట్టుకుని కళ్ళు కడిగారు. ఎవరి చేతి నీళ్ళని నాయనమ్మ అడగలేదు. కళ్ళు తెరుచుకున్నాక నోరూ తెరుచుకుంది.

"ఏమ్మా టీచరమ్మా! పిల్లలు తిరిగేచోట అలికి ముగ్గెయ్యకుండా వదిలేస్తారా? నా గుండె ఆగిపోయిందనుకో!"

"తప్పయిపోయిందండీ పెద్దమ్మగారూ. బంతి దొర్లడానికని అలా వదిలేశాం."

నాయనమ్మ ఒక పిల్లను పంపి ముగ్గు తెప్పించింది. అలికిన నేల అంచు చుట్టూ వంగి గీత గీసింది. మధ్యలో మాత్రం ఒక్క చుక్క కూడా పెట్టలేదు. "ఇప్పుడు దొర్లుద్దా మీ బంతి?" అంది.

పిల్లలు మళ్ళీ కర్రలు అందుకున్నారు. నేను అలవాటుగా గోడ పక్కకు వెళ్ళిపోయాను.

"అక్కడ నిలబడ్డావేమే?" అంది నాయనమ్మ.

"నువ్వే వద్దన్నావుగా."

ఆవిడ మొహం చిన్నబోయింది. "అదేనే తల్లీ. కల్లం దగ్గర్నించి ఇక్కడిదాకా అదే అనుకుంటా వచ్చా. పిల్ల నన్ను అడిగిందల్లా ఒక్క ఆట. అదన్నా ఆడుకోనివ్వలేదు గదా, ఇంకెవర్ని ఆడుకోమంటానూ అని."

ఎవరి చేతిలోదో కర్ర తీసుకుని నా చేతిలో పెట్టింది. మొదటి దెబ్బకి బంతి కదల్లేదు. రెండోసారీ తప్పింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఊరుకోండే!" అని వాళ్ళను కసిరి, నాయనమ్మ అక్కడే మట్టిలో చతికిలబడింది. "కొట్టవే. పొద్దుగూకేదాకా కొట్టు. నేనిక్కడే కూర్చుంటా."