అన్నాచెల్లెళ్లు లాక్కున్న టోపీ

కార్ల సీట్లకు తొడుగులు కుట్టే అతన్ని ఆ వీధిలో అందరూ సీట్లాయన అనే పిలుస్తారు. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. అతను మాట్లాడుతుంటే పక్క కొట్లో రేడియో పెట్టుకోవడం దండగ. దళసరి రెక్సిన్‌ని ఒక్క గుంజుతో సీటు మీదికి లాగి తొడిగేస్తాడు. బేరానికి వచ్చినవాళ్లకి రెండు చేతులూ చూపించి, "మిషనైనా మొరాయిస్తుందేమో గానీ ఇవి మొరాయించవు" అని మురిసిపోయేవాడు. ఆ చేతులు చూసుకుని తల దించుకోవాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

తండ్రి రేవులో లాంచీ టికెట్లు చింపే ఉద్యోగం చేసేవాడు. ఆయనకొక బూడిదరంగు ఫెల్ట్ టోపీ ఉండేది. లాంచీ నడిపే పెద్దాయన పని మానేసి వెళ్లిపోతూ, తన తల మీది టోపీ తీసి ఈయన తల మీద పెట్టాడట. అప్పటి నుంచి ఎండైనా వానైనా అదే. టోపీ లేకుండా ఎదురుపడితే రోజూ లాంచీ ఎక్కేవాళ్లే ఆయన్ని పోల్చుకునేవారు కాదు. మంచాన పడ్డాక కూడా అది చేతికందే మేకుకే ఉండాలనేవాడు.

ఆయన చివరి రోజులన్నీ కూతురింట్లోనే గడిచాయి. ఆమె ఇంట్లోనే మిషన్ పెట్టుకుని ఆడవాళ్ల బట్టలు కుట్టేది. ఒక చేత్తో పని, ఒక చేత్తో తండ్రి. కొడుకు ఆదివారం ఆదివారం వచ్చేవాడు. పళ్లు అందించి, గుమ్మం దగ్గర నుంచే "ఎలా ఉన్నావ్ నాన్నా!" అని గట్టిగా పలకరించి, టీ తాగి వెళ్లిపోయేవాడు.

తండ్రి పోయాక ఒకరోజు చుట్టాలంతా ఆ ఇంట్లోనే ఉండగా, చెల్లెలు మేకు మీది టోపీ తీసి బీరువాలో పెట్టబోయింది. అందరి ముందూ తనను మాటమాత్రమైనా అడగకపోవడం సీట్లాయనకు చురుక్కుమంది.

"ఇలా ఇయ్యి. నాన్న టోపీ కొడుకు దగ్గరుండాలి."

"నాన్నే నీ దగ్గర లేడు, ఇక టోపీ ఎందుకు అన్నయ్యా?"

ఎవరో కిసుక్కుమన్నారు. అతనికి ఒళ్లు మండిపోయింది. టోపీ అంచు పట్టుకుని లాగాడు. ఆమె వదల్లేదు. తలలు నెరిసిన ఇద్దరు, మనవల ఎదుట, బొమ్మ కోసం పేచీపడే పిల్లల్లా గదంతా తిరిగారు. "వదలండర్రా! ఎవరైనా చూస్తే నవ్విపోతారు" అని మేనత్త మొత్తుకుంటూనే ఉంది. రెక్సిన్‌ని లొంగదీసే చేతులవి. టోపీ పైనున్న మడత దగ్గర మొదలై పక్కనున్న రిబ్బన్ దాకా చినిగింది. బట్ట చినిగినప్పుడు వచ్చే చప్పుడైనా రాలేదు.

చెల్లెలు పట్టు వదిలేసింది. ఏడవలేదు, తిట్టలేదు, లోపలికి వెళ్లిపోయింది. టోపీ అతనికి దక్కింది. ఎవరి మొహమూ చూడలేక, చెప్పులు తొడుక్కోవడం కూడా మర్చిపోయి బయటపడ్డాడు.

ఇంటికొచ్చాక భార్య ఒక్కటే అడిగింది. "అసలు మీకా టోపీ కావాలా?"

నిజానికి చెల్లెలి చెయ్యి బీరువా వైపు వెళ్లేదాకా ఆ టోపీ సంగతే అతనికి గుర్తులేదు. ఆ మాట భార్యతో కూడా చెప్పలేకపోయాడు.

మర్నాడు కొట్లో షట్టరు సగం దించి, టోపీ ముందేసుకున్నాడు. పక్క కొట్టాయన వంగి తొంగిచూశాడు.

"ఏంటి గురూ, కార్లకి టోపీలు కూడా పెడుతున్నావా?"

"ఎవరో ఇచ్చార్లే, బాగుచెయ్యమని."

అన్నాక గానీ ఏమన్నాడో తెలియలేదు. తండ్రి టోపీని ఎవరిదో అనేశాడు. ఆ చిరాకులోనే సూదికి నైలాన్ దారం ఎక్కించి, చినిగిన అంచుల్ని ఒకదాని మీదికొకటి ఎక్కించి, అలవాటు కొద్దీ గట్టిగా బిగించాడు. ఫెల్ట్ నేసిన బట్ట కాదు, ఉన్నిని తడిపి అదిమి చేసింది. దారం బిగిసేకొద్దీ సూది పోట్లు ఒకదానిలోకొకటి కలిసిపోయాయి. చిరుగు పక్కన ఇంకో చిరుగు తేలింది.

ఇక దాన్ని కాపాడగల చెయ్యి ఒక్కటే ఉంది. అది ఎవరిదో తెలిసి కూడా, చెల్లెలి వీధి మొదటిదాకా వెళ్లి చాలాసార్లు వెనక్కి వచ్చేశాడు. చివరికి ఒక మధ్యాహ్నం వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. చెల్లెలు మిషన్ ఆపింది గానీ లేవలేదు. అతను టోపీ ముందుకు చాపాడు.

"నాకు చాతకాలేదమ్మా" అన్నాడు.

ఆమె టోపీ అందుకుని కుట్టు చూసింది. "లారీకి టార్పాలిన్ పట్టా కుట్టావా అన్నయ్యా?"

నవ్వలేదు. లేచి, నీళ్ల కెటిల్ పొయ్యి మీద పెట్టింది. అతని నైలాన్ దారాన్ని పోగు పోగు కత్తిరించి పారేసింది. అతను కెటిల్ మూతి దగ్గర టోపీ పట్టుకుంటే ఆవిరికి ఉన్ని మెత్తబడింది. అంచుల్ని ఆమె ఒకదాని మీద ఒకటి ఎక్కించలేదు. పక్కపక్కనే చేర్చి, సన్నటి పట్టుదారంతో, పైకి తేలకుండా సగం మందంలోంచే సూది నడిపింది. లోపలివైపు పల్చటి ఉన్నిగుడ్డ అతికించింది.

"చివర్లో రోజూ అడిగేవాడు, ఇవాళ ఆదివారమా అని" అంది తలెత్తకుండా. "రేపే నాన్నా, అనేదాన్ని."

టోపీ పట్టుకునే ఉన్న అతను ఖాళీ మేకు వైపు తిరిగాడు.

"కదపకు. కుట్టు వంకరపోతుంది."

పనయ్యాక బ్రష్‌తో నూగు సరిచేసి అతని ముందు పెట్టింది. "తీసుకెళ్లు."

"వద్దు. నీ దగ్గరే ఉండనీ."

"ఈ మాట ఆ రోజే అనుంటే ఎంత బావుండేది."

అతను లేచి టోపీని పాత మేకుకే తగిలించాడు.

ఆ తర్వాత పిలవకపోయినా వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాడు. చెల్లెలు ఒక్కోసారి మాట్లాడేది, ఒక్కోసారి మిషన్ తొక్కుకుంటూ ఉండిపోయేది. అతను ఉన్నప్పుడే ఒకసారి, తండ్రితో రేవులో పనిచేసిన ముసలాయన పలకరించడానికి వచ్చి, టోపీ చేతిలోకి తీసుకుని కుట్టు తడిమాడు.

"అయ్యో, ఇదెప్పుడు చినిగిందమ్మా?"

"పాతబడిపోయి చినిగింది బాబాయ్" అంది చెల్లెలు చటుక్కున.

తన పరువు కోసం ఆమె ఆడిన ఆ అబద్ధం సీట్లాయనకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"పాతబడి కాదు బాబాయ్. నేనే లాగి చింపాను. పోట్లాడి చింపాను."

ముసలాయన నోరంతా తెరిచి నవ్వాడు. "నువ్వు మారవురా! ఎప్పుడూ వేళాకోళమే!"

అది వేళాకోళం కాదని చెప్పడానికి అతను మళ్లీ నోరు తెరిచాడు. చెల్లెలు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, మంచినీళ్లు తేవడానికి లేచింది.