ఆ లారీ ఏసీ పైపు నాలుగోసారి తెగిన రోజు

దయ్యం పట్టిందని ఎవరైనా అంటే, ముందు పోయి బీపీ చూపించుకోమని చెప్పే రకం నేను. మాది ధారూర్ దగ్గర పల్లె. గొర్రెల మంద వెనక పెరిగాను. మంద కాపలాకి చేలల్లో పడుకున్న రోజులకు లెక్కే లేదు. నక్కలు కనబడ్డాయి, పాములు కనబడ్డాయి, గొర్రెల దొంగలు కూడా కనబడ్డారు. దయ్యం మాత్రం ఒక్కసారైనా వచ్చి పలకరించలేదు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసింది చదివి నన్ను పిరికివాడు అనుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

తాండూరులో బండ్ల ఏసీలు బాగుచేసే షెడ్డులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. షెడ్డు మా ఉస్తాద్ చాంద్ భాయ్‌ది. నాకు పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఇన్నేళ్లలో నా మీద చెయ్యెత్తింది ఒక్కసారే, సిలిండర్ పక్కన బీడీ ముట్టించినందుకు. అరవై దాటినా ఆయన గొంతు మాత్రం తగ్గలేదు. షెడ్డులో నిలబడి "అరే మల్లేశా" అని కేకేస్తే, రోడ్డవతల హోటల్లో నా చేతిలో చాయ్ తొణికేది.

ఉస్తాద్‌కి ఒక పద్ధతి ఉండేది. ఏసీ పని అయ్యాక బండిని ఓనర్‌కి అప్పజెప్పే ముందు, పని చేసినవాళ్లే అద్దాలెక్కించుకుని లోపల కూర్చోవాలి. ఒళ్లు వణికేదాకా దిగకూడదు. "మొదటి చలి మనదే బేటా. మనకు వణుకు వస్తెనే పని అయినట్టు" అనేవాడు. వేరే షెడ్లవాళ్లు నవ్వేవాళ్లు. మేం మాత్రం ఏ బండికీ అది మానలేదు.

ఆ లారీ వికారాబాద్ నుంచి వచ్చింది. ముందు బానెట్ పొడుచుకొచ్చే పాతకాలపు లారీ. ఒకప్పుడు బండలు మోసిందట. రవీందర్ సారు అనే ఆయన దాన్ని పాత ఇనుము కొట్టువాడి దగ్గర చూసి ముచ్చటపడి కొన్నాడు. రంగులు వేయించి, మెత్తటి సీట్లు పెట్టించి, నవాబుపేట వైపు తన తోటకి అందులోనే తిరిగేవాడు. ఏసీ వేరే షెడ్డులో ఎక్కడో బిగించారు. గ్యాస్ నిలవడం లేదని మా దగ్గరికి తెచ్చాడు. పక్క సీట్లో తమ్ముడు శేఖర్. నోరు మూయని మనిషి. అన్నని ఆటపట్టిస్తూ, మమ్మల్ని నవ్విస్తూ ఆ పూటంతా షెడ్డులోనే ఉన్నాడు.

లీకు దొరకడం కష్టం కాలేదు. పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించి సబ్బునీళ్లు రాస్తే, ఎడమ సీటువాడి కాళ్ల ముందు, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ దగ్గర బుడగలొచ్చాయి. రబ్బరు పైపు అల్యూమినియం గొట్టంతో కలిసే జాయింట్ చీలింది. కొత్త పైపు వేసి, గ్యాస్ నింపి, మా పద్ధతి ప్రకారం డ్రైవర్ సీట్లో నేనొక్కణ్ణే కూర్చుని వణికి దిగాను. ఉస్తాద్ ఆ రోజు వేరే బండి పనిలో ఉన్నాడు.

రెండు వారాలకు మళ్లీ వచ్చారు. అదే జాయింట్, అదే చోట. ఎలుకలని నేనన్నాను. ఉస్తాద్ గొట్టం చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఎలుక కొరికితె గిట్ల వంగదు. ఎవరో తన్నిండ్రు."

శేఖర్ వైపు చూశాను. ఎండాకాలం, ఎండ నడినెత్తి మీద ఉంటే మెడకు తువ్వాలు బిగించి చుట్టుకున్నాడు. ఆ రోజు ఆయన నోటి నుంచి ఒక్క మాట కూడా రాలేదు. అప్పుడు నాకు అది జలుబులాగే కనిపించింది.

రవీందర్ సారుకి ఇంకో అనుమానం. లారీ కొన్నప్పుడు దాని ముందు యాటను కొయ్యలేదు, అందుకే ఇలా సతాయిస్తుందని. మా వైపు కొత్త బండికి అది మామూలే. నాకు నమ్మకం లేకపోయినా మటన్ మీద నమ్మకం ఉంది కాబట్టి, మా అన్న మందలోంచి ఒక పొట్టేలును తెప్పించాను. పైపు మార్చి, దాని మీద మందపాటి ఇనుప రేకు బిగించి, ఈసారీ నేనొక్కణ్ణే కూర్చుని వణికి దిగాక, షెడ్డు ముందే యాటను కోశాం. కోసింది నేనే. మా ఇంట్లో ఆ పని అందరికీ వచ్చు. వెనక కాళ్లు శేఖర్ పట్టుకున్నాడు. గొంతు తెగాక యాట కాళ్లు కాసేపు కొట్టుకుంటాయి. మొదట గట్టిగా, తర్వాత ఆగి ఆగి. అవి ఆగేదాకా వదలకూడదు. శేఖర్ మధ్యలోనే వదిలేసి, పక్కకి పోయి వాంతి చేసుకున్నాడు. చక్రాలకు రక్తం రాసి లారీని పంపించేశాం.

మూడోసారి రవీందర్ సారు ఒక్కడే వచ్చాడు. తమ్ముడేడని అడిగితే పనుందని మాట దాటేశాడు. ఈసారి నేను బిగించిన ఇనుప రేకే లోపలికి సొట్టపోయింది. దాని వెనక జాయింట్ విరిగింది. నాకు అహం దెబ్బతింది. డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీశాను. కింద కార్పెట్ పీకేశాను. ముందు గోడ రేకు బయటపడింది.

ఆ రేకు మీద రెండు గుంటలున్నాయి. ఒక్కోటి మడమంత. పాతవి. వాటి మీద ఒకదానిపై ఒకటి మూడు రంగుల పూతలున్నాయి. ఇంజన్ వైపు నుంచి చూస్తే రెండు బొడిపెల్లా ఉబ్బి ఉన్నాయి. ఒక్క దెబ్బకు పడే సొట్టలు కావు. ఎడమ సీట్లో కూర్చున్న ఎవరో రెండు కాళ్లతో, అదే చోట, చాలాసార్లు తన్నారు. మా జాయింట్ సరిగ్గా ఆ రెండు గుంటల మధ్య నుంచే పోతోంది.

యాట కాళ్లు గుర్తొచ్చాయి. బండలు జారి తగిలి ఉంటాయిలే అని పైకి అన్నాను. క్యాబిన్ లోపలికి బండలెలా వస్తాయని ఉస్తాద్ అడగలేదు. గుంటలో వేళ్లు పెట్టి చూసి, చెయ్యి తుడుచుకున్నాడు.

కొత్త పైపు వేసి, దాని మీద కొత్త రేకు బిగించి, శుక్రవారం పని పూర్తిచేశాం. ఉస్తాద్ నమాజ్ నుంచి వచ్చాక, మూడు గంటల ఎండలో ఇంజన్ స్టార్ట్ చేశాం. స్టీరింగ్ ముందు నేను, ఎడమ సీట్లో ఆయన. అద్దాలెక్కించాం. గ్యాస్ మీటరులో ముల్లు కదలకుండా నిలబడింది. చల్లగాలి బాగా వచ్చింది. "అరే, సిమ్లా వచ్చేసినం" అని ఉస్తాద్ నవ్వాడు.

నీడ కనబడలేదు. గొంతు వినబడలేదు. ఉస్తాద్ గడ్డం గోక్కున్నాడు, అంతే. ఆ గరగర చప్పుడుకి నాకు కోపం వచ్చింది. కోపమంటే మామూలు కోపం కాదు. ఏళ్ల తరబడి ఈ మనిషి నా పక్కనే కూర్చుని, నా కూడు తిని, నన్ను మోసం చేశాడన్నంత కోపం. ఏం మోసమో నాకు తెలియదు.

ఆయన మీద పడ్డాను. రెండు బొటనవేళ్లూ గొంతు మీద పెట్టి నొక్కాను. టోపీ పడిపోయింది. కళ్లు ఉబ్బాయి. గోళ్లతో నా ముఖం చీరాడు. నేను మోకాలు ఆయన పొట్టలో గుచ్చి ఇంకా బలంగా నొక్కాను. ఆయన కాళ్లు ముందు రేకును తన్నడం మొదలుపెట్టాయి. ధన్, ధన్, ధన్. పైపు తెగి గ్యాస్ బుస్సుమని తెల్లగా లేచింది. నేను వదల్లేదు.

ఆయన చేతికి ఎక్కడో పానా తగిలింది. దాంతో నా కనుబొమ్మ మీద కొట్టాడు. అప్పుడూ వదల్లేదు. రెండో దెబ్బకు ఎముక మోగింది. కంట్లోకి నెత్తురు కారింది. చేతుల పట్టు దానంతటదే ఊడిపోయింది. ఆయన తలుపు తీసుకుని బయటి మట్టిలో పడ్డాడు.

పక్క షెడ్డు వెల్డర్ పరుగెత్తుకొచ్చాడు. చప్పుడు ముందు నుంచే వినబడిందట. "మీరు రేకు సాపు చేస్తున్నరనుకున్న" అన్నాడు.

నాకు ఆరు కుట్లు పడ్డాయి. ఉస్తాద్ మెడ మీద నా వేళ్ల గుర్తులు నల్లగా కమిలాయి. నాలుగు రోజులు నీళ్లు కూడా మింగలేకపోయాడు. జాకీ జారిందని డాక్టర్‌కి ఆయనే అబద్ధం చెప్పాడు. ఆ గొంతు మళ్లీ రాలేదు. ఇప్పుడు పక్కన నిలబడి మాట్లాడినా గాలి ఎక్కువ, మాట తక్కువ.

మూసిన క్యాబిన్‌లో గ్యాస్ నిండితే మతి తప్పుతుందని మీరంటారు. నేనూ అదే అనుకోవాలని చూశాను. కానీ ఈ పనిలో గ్యాస్ ఎన్నోసార్లు పీల్చాను. కాళ్లూ చేతులూ వేలాడిపోతాయి తప్ప బలం రాదు. పైగా నేను మీదపడేసరికి పైపు బాగానే ఉంది. తెగింది ఉస్తాద్ తన్నులకు. తర్వాత విప్పి చూశాను. అదే జాయింట్. కొత్త రేకు మీద ఆయన చెప్పుల నల్లమరకలు, సరిగ్గా ఆ పాత గుంటల మీదే.

రవీందర్ సారుకి ఫోన్ చేసి, లారీ తీసుకుపొమ్మని, మాకిద్దరికీ లోపల గొడవైందని చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు.

"ఎవలు ఏ సీట్ల కూసున్నరు?"

చెప్పాను. ఫోన్ పెట్టేశాడు. లారీని క్రేన్‌తో ఎత్తించి లాక్కుపోయారు. శేఖర్ బంట్వారంలో అత్తగారింట్లో ఉంటున్నాడని, అన్నతో మాటల్లేవని తర్వాత తెలిసింది. లారీ గురించి తాండూరులో పాతవాళ్లను అడిగాను. తలా ఒక కథ చెప్పారు. ఒకదానికొకటి పొసగలేదు. నేను దేన్నీ నమ్మలేదు.

ఉస్తాద్, నేను ఇప్పటికీ ఒకే షెడ్డులో ఉన్నాం. మొదటి చలికి కూర్చునే పద్ధతి మానేశాం. ఆయన ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ గాలి గొంతుతో అడిగాడు.

"నీకేమన్న యాదికున్నదా బేటా?"

"ఏం లేదు ఉస్తాద్" అన్నాను.

"నాకు ఎర్కే. అది నువ్వు కాదు" అని నా తల మీద చెయ్యి పెట్టాడు.

ఆయనకు చెప్పింది అబద్ధం. నాకు ప్రతి క్షణం గుర్తుంది. ఆ మనిషి చాంద్ భాయ్ అని నాకు తెలుసు. నాకు పని నేర్పినవాడని తెలుసు. తెలిసే, ఆయన కాళ్ల చప్పుడు మెల్లమెల్లగా తగ్గడం వింటూ, యాటను పట్టుకున్నట్టే, అవి ఆగేదాకా వదలకూడదని ఓపిగ్గా పట్టుకున్నాను. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. దయ్యం ఉందని నమ్మితే నాకే మంచిది, ఆ చేతులు దానివని చెప్పుకుని పడుకోవచ్చు. ఎంత ప్రయత్నించినా నాకు ఆ నమ్మకం రావడం లేదు.