వాము నూనె పువ్వు పూసిన పొద్దు

మొన్న మా మునిమనవరాలు కాలేజీ ప్రయోగశాల నుంచి వస్తూ చున్నీకి ఒక వాసన అంటించుకొచ్చింది. అది గడప దాటకముందే, వాలుకుర్చీలో కునుకుతున్న నేను, వాము నూనె కదూ అని గట్టిగా అరిచాను. అడవి మొక్కల గింజల్లో ఏ నూనెలున్నాయో, అవి ఏ పురుగును చంపుతాయో చూస్తున్నారట. ఆ భాగోతమంతా నాకు కొత్త కోడలినాడే తెలుసునే తల్లీ అంటే పకపకా నవ్వింది. నవ్వనీ, మీరు నమ్ముతారు. మన ఈడువాళ్ళలో కడుపునొప్పికి వాము నమలనివారెవరు?

రజాకార్ల గోల సద్దుమణిగిన మరుసటి చలికాలం అది. సూర్యాపేటలో మా మామ పెరట్లో దడి కట్టి, లోపల బట్టీ పెట్టి నూనె తీసేవాడు. అనంతగిరి వైపు చెలక గట్ల మీద తనంతట తానే మొలిచే వాము, గాజర్ ఆకులాంటి సన్నటి ఆకు, గొడుగు విప్పినట్టు తెల్లటి పూలు. దాని గింజలను రాగి గుండిగలో నీళ్ళు పోసి, మూతికి మట్టి మెత్తి మరిగిస్తే, ఆవిరి గొట్టం వెంట వచ్చి చల్లబడి అర్కుగా, అంటే వాము నీరుగా, దిగేది, దాని మీద పలచని నూనె తేలేది. పంటిపోటుకు ఒక చుక్క, కడుపులో పురుగులకు ఒక చుక్క. అబ్బ, ఆ ఘాటుకు నా ప్రాణం లేచి వచ్చేది! కానీ ఆడదాని నీడ పడితే నూనె విరిగిపోతుందని మామ పట్టు, అందుకని దడి దాటడానికి మాకు వీల్లేదు.

ఒకనాడు బట్టీ అంటించీ అంటించగానే మామకు చలిజ్వరం ముంచుకొచ్చింది. మా ఆయనేమో గింజల కోసం కోదాడ పోయాడు. మర్నాడే, మందుల కోసం మా నూనె కొనే మిర్యాలగూడ హకీమ్ సాబు నూనె చూడడానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చకపోతే బట్టీ మూసుకోవడమే. మంట ఆరినా చేటే, ఎక్కువైనా చేటే. ఇక ఆగలేక కొంగు బిగించి దడి దాటాను. మీ మామ సూస్తే సంపుతడే అని అత్తమ్మ మొత్తుకుంటూనే ఉంది. సన్నని సెగ మీద పొద్దుగూకేదాకా కూర్చున్నాను. గొట్టం కొసన మొదటి చుక్క మెరిసినప్పుడు నాకు కలిగిన సంబరం మా పెళ్ళిలో కూడా కలగలేదంటే ఒట్టు! ఆ నూనెను సీసాలోకి వంచి, చల్లగా ఉంటే మంచిదనుకుని నీళ్ళ కుండ పక్కన తడి ఇసుకలో పెట్టాను.

తెల్లారి చూద్దును గదా, సీసాలో సగం పటికబెల్లం లాంటి పలుకులు! జ్వరం తగ్గి లేచొచ్చిన మామ జరిగింది విని, సీసా చూసి నెత్తి పట్టుకున్నాడు.

"నీడ పడ్డది, నూనె ఇరిగింది. ఇగ ఖతం!"

నన్ను పుట్టింటికి పంపేస్తారనే అనుకున్నాను. అంతలో హకీమ్ సాబు రానే వచ్చాడు, సీసా దాచే వ్యవధి కూడా లేకపోయింది. ఆయన దాన్ని ఎండకు పట్టి చూశాడు, మూత తీసి వాసన చూశాడు, ఒక్కసారిగా ముఖం విప్పారింది.

"అరె వా! వాము పువ్వు! పుండ్ల మందుకు గిదే పానం. ఇన్నేండ్ల సంది యాడ దాసినవయ్యా?"

ఎవరూ దాచలేదు. చలికి నెయ్యి పేరుకుంటే వెచ్చబెట్టుకునే ఇల్లు మాది; మామ నూనె సీసాలనూ అట్లాగే వేడి వేడి బట్టీ గట్టు మీదే పెట్టేవాడు. చల్లదనం తగిలితేనే పూసే పువ్వును ఏటేటా ఆయనే పూయనివ్వలేదు! ఆ మాట హకీమ్ సాబు నోట తెలిశాక మామ నా వంక చూడలేక చూసి, రేపటి సంది బట్టీ నువ్వే సూస్కో బిడ్డా అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ఇప్పుడా పెరడు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. నూనెలన్నీ యంత్రాల్లో పుట్టి సీసాల్లో దొరుకుతున్నాయి, మంచిదే, ఎవరి నీడకూ ఏదీ విరగడం లేదు. అయినా కొన్నవాళ్ళెవరైనా మూత తీసి ఒక్క క్షణం ఆగుతున్నారా అనిపిస్తుంది. ఆనాడు మామ బట్టీ అప్పజెప్పిన మర్నాడు నేను దాని ముందు కూర్చుంటే, తల నెరిసిన అత్తమ్మ భయంభయంగా వచ్చి నా పక్కన చతికిలబడి, చుక్క చుక్కా దిగుతుంటే కళ్ళార్పకుండా చూసి, చివరికి నా చెవిలో చెప్పింది: "పెండ్లయి వచ్చిన కాడికెల్లి గీ నూనె మీద అచ్చిన తిండే తింటున్న గాని బిడ్డా, గిది ఎట్ల పుడ్తదో ఇయ్యాలనే సూసిన."