కుండ అంచు పెంకు

లవావుస్ ఇంటి కుండ కొండ బురదలో కూరుకుపోయి రెండేళ్లయింది. అదేమన్నా నీళ్ల కుండా, పోతే పోయిందనుకోవడానికి? పొట్ట చుట్టూ పాము బొమ్మ చుట్టుకున్న కుండ, పోయినవాళ్లంతా వచ్చి కూర్చునే చోటు. తుఫాను నాడు ప్రాణభయంతో పరుగెత్తిన లవావుస్‌కి కుండ గుర్తొచ్చేసరికి పలకరాళ్ల ఇంటిని కొండ మింగేసింది. ఇప్పుడు ఊరంతా కింద సిమెంటు ఇళ్ల వరసలో ఉంటోంది.

అయిదేళ్లకోసారి వచ్చే పెద్దల పండుగ దగ్గరపడింది. చనిపోయినవాళ్లు కొండ దిగి ఎవరింటికి వాళ్లు వచ్చే పండుగ. లవావుస్ తొలిచూలు కూతురు ఆరువాయి పాత ఇంట్లోనే జ్వరంతో కన్నుమూసింది, పాలపళ్లయినా ఊడకుండానే. ఈ సిమెంటు ఇల్లు ఆ పిల్లకేం తెలుసు? పిల్లని ఈ ఇంటికి పిలవమని పూజ చేసే ముసలి జేపుల్‌ని బతిమాలితే, ముసలమ్మ మొహమాటం లేకుండా తేల్చేసింది.

"కుండ లేని ఇంటికి దారెట్టా కనుక్కుంటారే? పోనీ దాని పెంకొక్కటి తెచ్చివ్వు, అందులో కూర్చోబెడతా."

పెంకు ఉంది. ఏటి అవతలి ఊళ్లో, చెల్లెలు సెలెప్ ఇంట్లో ఉంది. మావాళ్లలో ఆడైనా మగైనా తొలిచూలు బిడ్డదే ఇల్లు. వెనక పుట్టినవాళ్లు పెళ్లయి వేరుపడితే కుండ అంచు విరిచి ఓ పెంకిస్తారు, దాంతోనే వాళ్లదీ ఇల్లనిపించుకుంటుంది. సెలెప్ పెళ్లికి విరిచింది లవావుసే. కుండ అందం చెడుతుందని చూసి చూసి గోరంత విరిచింది, మహాతల్లి! పదిమందీ నవ్వారు. అప్పటినుంచీ అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు.

అయినా ఏరు దాటి వెళ్లింది. సెలెప్ వాకిట్లో కొర్రలు దంచుతోంది.

"ఏమే పెద్దింటిదానా, దారి తప్పావా?"

"పెంకు కోసం వచ్చానే."

"అడగడానికి నోరెట్టా వచ్చిందే నీకు? అది నీకిస్తే నా మొగుడు ఏ గుమ్మం తొక్కుతాడు? పోయి ఇంకా ఏడాది తిరగలా."

"సగమివ్వవే. నీ కాళ్లు పట్టుకుంటా."

నిజంగానే వంగింది. ఇంటి పెద్దకే పొడిచే పచ్చబొట్ల చేతులతో పెద్దింటి ఆడది చెల్లెలి కాళ్లమీద పడటం మా కొండల్లో ఎవరూ ఎరగరు. సెలెప్ గాభరాగా రోకలి పారేసి లేవనెత్తింది.

"లేవే తల్లీ! నాకు పాపం అంటగడతావా ఏంటి?"

లోపలికి వెళ్లి పెంకు తెచ్చి రాతి మీద పెట్టింది. "కొట్టు. పెద్దింటి చెయ్యే పడాలి."

లవావుస్ మొలలోని కత్తి తీసి తిరగేసి పట్టుకుంది. వేలు తగిలిన చోటల్లా పెంకు పొడిపొడిగా రాలుతోంది. దెబ్బ పడితే పిండవుతుంది, రెండిళ్లూ మునుగుతాయి. ఎత్తిన చెయ్యి దించలేకపోయింది.

"ఎంత పిసినారిదాన్నే నేను! అరచేతంత ఇచ్చుంటే ఇవాళ సగం నాకు మిగిలేది కదే!" అని గుండె బాదుకుని ఏడ్చింది. సెలెప్ కూడా ఏడ్చింది.

చాలాసేపటికి లవావుస్ పెంకును చెల్లెలి చేతిలో పెట్టింది. "పండుగనాడు మీ గుమ్మంలో చిన్నపిల్ల ఎవరైనా తచ్చాడితే పొమ్మనకు."

"ఛీ, అవేం మాటలే! నువ్వూ రా."

"ఇంటి పెద్దని. ఎవరూ రారని తెలిసినా నా గుమ్మంలోనే నిలబడాలి గదా."

సెలెప్ ముక్కు తుడుచుకుంది. "దానికేం పెట్టమంటావే?"

"కాల్చిన చామదుంప. తోలంతా తియ్యి. లేకపోతే గొంతులో అడ్డం పడుతుంది దానికి."