బ్యాండ్‌మాస్టరు గారి ఎడంపక్క

ఒక చేతిలో అరిగిపోయిన టూత్‌బ్రష్షు, రెండో చేతిలో నీళ్ళ చెంబు. ఎప్పుడో పోయిన ఒక బ్యాండ్‌మాస్టరు గారి పేరు మీద పట్టిన నాచుని అక్షరం అక్షరం తోముతూ, తలైనా ఎత్తకుండా సదాశివరావు గారు నన్నడిగిన మొట్టమొదటి ప్రశ్న ఇది:

“నీ కుడిపక్క ఎవరయ్యా?”

నేను కుడివైపు తిరిగి చూశాను. సమాధులున్నాయి, ఒక వేపచెట్టుంది, దాని కింద కుక్క పడుకుని ఉంది.

“ఎవరు లేరు సార్. కుక్కుంది.”

“ఇక్కడ కాదయ్యా. నీ కొట్టు దగ్గర. కుడిపక్క ఎవరు, ఎడంపక్క ఎవరు?”

“ఒక దిక్కు చాయ్ భయ్యా, ఇంకో దిక్కు పంక్చర్ భయ్యా.”

“పేర్లు?”

“తెల్వదు సార్.”

“ఎన్నాళ్ళయింది కొట్టు పెట్టి?”

“పదకొండేండ్లు.”

ఆయన బ్రష్షు ఆపి అప్పుడు నా మొహం చూశారు. జ్వరం వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. “రిజెక్ట్,” అని మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టారు.

ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మనిషి కనబడితే కుడిపక్క ఎవరు, ఎడంపక్క ఎవరు అని అడగాలి. ఉద్యోగమంతా పాస్‌పోర్టు దరఖాస్తులు చూసే సెక్షన్‌లో చేశారు. దరఖాస్తుదారుణ్ణి ఎరిగిన ఇరుగుపొరుగు ఇద్దరి పేర్లు రాయమని ఫారంలో ఒక గడి ఉండేదట. జనం తాతల పేర్లు గడగడా చెప్పి, ఆ గడి దగ్గరకొచ్చేసరికి నీళ్ళు నమిలేవారట. ఆయన రిటైరై పదిహేనేళ్ళయింది గానీ ఆ గడి మాత్రం రిటైరవలేదు. పెళ్ళికి వెళితే అక్షింతలు వేస్తూ పెళ్ళికొడుకుని అడుగుతారు. మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కితే ఎదుటి సీటువాణ్ణి అడుగుతారు. అతను జేబు తడుముకుని మూడు స్టేషన్ల ముందే దిగిపోతాడు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, నోట్లో దూది ఉండగానే డాక్టరుని అడిగారు. డాక్టరు నొప్పేమో అనుకుని ఇంకో ఇంజెక్షన్ ఇచ్చాడు.

బతికున్నవాళ్ళు విసుక్కుంటున్నారని ఆదివారాలు చనిపోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఢిల్లీలో ప్రముఖులు ఏ శ్మశానంలో, ఏ వరసలో పడుకున్నారో ఆయనకి కంఠతా వచ్చు. ఒక్కొక్కరికీ ఒక ఫారం. పేరు, వృత్తి, కుడిపక్క ఎవరు, ఎడంపక్క ఎవరు. అడుగున మాత్రం అందరికీ ఒకటే మాట: ‘ప్రవర్తన సంతృప్తికరం.’

“సచ్చిపోయినోళ్ళకు ప్రవర్తనేంది సార్?” అని అడిగాను.

“నలభై ఏళ్ళుగా ఒక్క కంప్లయింటు లేదు. ఇంకేం కావాలయ్యా?” అన్నారు.

ఆయనుండే సొసైటీలో ఎనభై ఫ్లాట్లున్నాయి. ఎనభై ఇళ్ళ పాత టూత్‌బ్రష్షులూ ఆయన బక్కెట్లోకే చేరతాయి. ఊరినుంచి చుట్టాలెవరు వచ్చినా తాజ్‌మహల్ కన్నా ముందు శ్మశానం చూడాలి. కొత్తగా పెళ్ళయిన ఆయన మేనల్లుడు ఆదిత్య, అతని భార్య నేహా ఆగ్రాకని పట్టుబట్టలు కట్టుకుని దిగితే, ఇద్దరి చేతుల్లో చెరో బ్రష్షు పెట్టి ఒక కల్నల్ గారి సమాధి తోమించారు. ఆయన భార్య సుభాషిణి గారు నాకు టీ ఇస్తూ ఈ సంగతి చెప్పి నిట్టూర్చారు.

“ఆగ్రాలో ఉన్నదీ సమాధే కదుటే అన్నారు కనకయ్యా. ఏం చెప్పమంటావ్? నలభై ఎనిమిదేళ్ళ కాపురం. నా కుడిపక్క ఈయనే, ఎడంపక్క ఈయన ఫైళ్ళే.”

నా పని రాతి మీద అక్షరాలు చెక్కడం. ఎవరూ నేర్పలేదు. కూలికి వచ్చి, పక్కవాడి ఉలి చూసి నేర్చుకున్నాను. చెక్కుతూ చెక్కుతూ చదవడం వచ్చింది. వారమంతా శంకుస్థాపన పలకలు చేస్తాను. పైన పెద్దవారి పేరు పెద్ద అక్షరాలతో, కింద వచ్చినవారి పేర్లు, ఆ కింద రానివారి పేర్లు. పలక బిగుస్తుంది, టెంటు లేస్తుంది, భవనం మటుకు రాదు. ముప్పై ఏళ్ళుగా ఈ దుమ్మే మింగుతున్నాను. నవంబరు వస్తే పొగ కూడా తోడవుతుంది. ఆదివారం ఒక్కరోజు పడుకుందామంటే సదాశివరావు గారి ఫోను. “ఒక కవయిత్రి గారి పేరులో రెండక్షరాలు మాసిపోయాయయ్యా, ఉలి పట్టుకుని రా.” ఎందుకు వెళ్ళేవాణ్ణో నాకే తెలియదు. అయితే ఒక్కటి చెప్పాలి. నేను చెక్కిన అక్షరాన్ని వేలితో తడిమి చూసే మనిషి ఢిల్లీ మొత్తానికి ఆయనొక్కరే. అలా నాలుగేళ్ళు గడిచాయి.

ఈ నవంబరులో బ్యాండ్‌మాస్టరు గారి వరసలో ఒకమ్మాయి కనబడింది. సాకేత్‌లో ఆసుపత్రి నర్సు, పేరు సునంద. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, నిలబడే ఓపిక కూడా లేదు. ఆ వరసలో పేరూ ఊరూ లేని మట్టిదిబ్బలు ఐదున్నాయి. బ్యాండ్‌మాస్టరుకి ఒక పక్క రెండు, ఇంకో పక్క మూడు. ఆ అమ్మాయి చేతిలో బంతిపూల పొట్లం. ఒక్కో దిబ్బ మీద రెండేసి పూలు పెట్టుకుంటూ పోతోంది.

సదాశివరావు గారు బ్రష్షు ఆపారు. “మీవాళ్ళు ఐదుగురా అమ్మా?”

“ఒక్కరే అంకుల్. మా అమ్మ. ఏదో తెలీదు, అందుకని అందరికీ పెడుతున్నా.”

తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయిందట. నాన్న పిల్లని బాపట్లలో అమ్మమ్మ దగ్గర వదిలి, ఆయనా పోయాడు. పదిహేనేళ్ళ తరవాత ఉద్యోగం వచ్చి ఢిల్లీ తిరిగొస్తే చెక్క శిలువ పుచ్చి ఎటో పోయింది. శ్మశానం కమిటీ పాత రిజిస్టరు వానకి తడిసి ముద్దయింది. చోటు చాలక, గుర్తులేని సమాధుల్ని నెలాఖరుకి తిరగతవ్వి వేరేవాళ్ళకి ఇస్తారట. ఇది మాది అని రుజువు చూపితే రాయి వేసుకోనిస్తారు. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులుంది.

పాడు అలవాటు, ఊరుకుంటుందా! సదాశివరావు గారు అడగనే అడిగారు: “మీ అమ్మకి కుడిపక్క ఎవరమ్మా? ఎడంపక్క ఎవరు?”

ఆ అమ్మాయికి కోపం వచ్చింది. “అరే అంకుల్, అదే తెలిస్తే ఐదుగురికి పూలెందుకు పంచుతాను? మజాక్ చేస్తున్నారా?”

నేను తలొంచుకున్నాను. ‘రిజెక్ట్’ అంటారేమో, ఈ పిల్ల చెంబు తీసి కొడుతుందేమో అనుకున్నాను. ఆయన అనలేదు. “పేరు?” అన్నారు.

“కాంతమ్మ. ఆయా పని చేసేది.”

ఆయన బక్కెట్టు, బ్రష్షులు, చెంబు, చెప్పులు అన్నీ అక్కడే వదిలేసి గేటువైపు నడిచారు. వాటన్నిటినీ నేను మెట్రోలో మోసుకెళ్ళాను. జనం నన్నూ, ఎనభై టూత్‌బ్రష్షుల్నీ చూసి చోటిచ్చారు.

నేను వెళ్ళేసరికి ఆయన అటక మీదున్నారు. కింద సుభాషిణి గారు స్టూలు పట్టుకుని నిలబడ్డారు. “పడితే మీ ఫారంలో నేనేం రాయను? స్వయంకృతం అని రాస్తా!” అంటున్నారు. పై నుంచి దుమ్ము, తుమ్ములు, ఆ తరవాత ఒక ఫైలు దిగాయి. పద్నాలుగేళ్ళ కిందటి ఫారం నా చేతికిచ్చి చదవమన్నారు.

ప్రముఖుడి గడిలో రెండే మాటలు: ‘బ్యాండ్‌మాస్టరు. మీసాలు పెద్దవట.’ ఎడంపక్క గడి నిండిపోయి మార్జిన్‌లోకి ఎక్కింది: ‘కాంతమ్మ. ఆయా. బాపట్ల దగ్గర. నీలం రంగు చెక్క శిలువ, తెల్ల అక్షరాలు. శిలువకి చిన్నపిల్ల జడరిబ్బను కట్టి ఉంది, ఎరుపు. వివరాలు చెప్పినది తోటమాలి. ప్రవర్తన సంతృప్తికరం.’

మిగతా ఫారాలు తిరగేశాను. అన్నీ అంతే. కల్నల్ గారికి ఒక లైను, కవయిత్రి గారికి ఒక లైను. వాళ్ళ పక్కనున్న రైల్వే గార్డుకి, దర్జీకి, మూడు నెలల పసిబిడ్డకి తలా ఒక పేజీ.

“సార్, ఇన్నేండ్లు మీరు ప్రముఖుల కోసం తిరుగుతున్నరనుకున్న.”

“ప్రముఖుల్ని ఎవడు పోగొట్టుకుంటాడయ్యా? వాళ్ళకి పేద్ద రాయి ఉంటుంది, ఎవరూ తవ్వరు. ప్రముఖుడంటే ఏవిటనుకున్నావ్? పక్కవాడి అడ్రసులో ‘ఫలానావారి దగ్గర’ అని రాసుకోవడానికి పనికొచ్చేవాడు. అంతే.”

మర్నాడు బ్యాండ్‌మాస్టరు గారి సమాధి దగ్గరే, కమిటీ సెక్రటరీ మసీ సాబ్ ముందు ఫారం పెట్టాం. సునంద అది చదువుతూ ‘ఎరుపు’ అన్నచోట ఆగిపోయింది. “నాదే,” అంది. కళ్ళు తుడుచుకుని చివరి లైను చదివి, ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. “సంతృప్తికరమా! మా అమ్మ అరిస్తే గల్లీ అంతా కిటికీలు మూసుకునేది అంకుల్!”

“నేను వెళ్ళినప్పుడు అరవలేదమ్మా,” అన్నారు సదాశివరావు గారు.

మసీ సాబ్ చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. రోజూ ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒక దిబ్బ చూపించి ఏడుస్తారు. కాగితం అటూ ఇటూ తిప్పాడు. “అచ్ఛా, లెఫ్ట్. ఠీక్ హై. లేకిన్ కిస్‌కా లెఫ్ట్? నిలబడి చూసేవాడి లెఫ్టా, పడుకున్నవాడి లెఫ్టా?”

అందరం గతుక్కుమన్నాం. అటొక దిబ్బ, ఇటొక దిబ్బ. తప్పు చూపితే రాయి పరాయివాళ్ళ మీద పడుతుంది, తల్లిని తవ్వేస్తారు.

“దరఖాస్తుదారుడి లెఫ్టు!” సదాశివరావు గారికి ఆఫీసు రోజుల గొంతు వచ్చేసింది. “వీధిలో నిలబడి ఎడమ అంటే చెల్లదు. ఎప్పుడైనా సరే, దరఖాస్తుదారుడి ఇంట్లోంచి చూడాలి!”

“అదెట్ల సార్?” అన్నాను.

ఎలాగో చూపించారు. డెబ్భై ఐదేళ్ళ మనిషి, కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి, బ్యాండ్‌మాస్టరు పలక మీద వెల్లకిలా పడుకున్నారు. తల రాయి వైపు, కాళ్ళు దారి వైపు. చేతులు గుండె మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎడంచెయ్యి మటుకు పైకెత్తి పక్కకి వాల్చారు. “ఇదీ ఎడమ!”

“హే ప్రభూ,” అన్నాడు మసీ సాబ్.

మాటలతో తేలే వ్యవహారం కాదు. నేను ఉలి తీసుకుని ఆ చెయ్యి చూపిన దిబ్బ దగ్గర, తలవైపు కూర్చున్నాను. మట్టిని పైపైన, గోటితో గీసినట్టు గీస్తూ పోయాను. గడ్డివేళ్ళు వచ్చాయి, ఇటుక ముక్క వచ్చింది. జానెడు లోతున ఉలి చప్పుడు మారింది. రాయికొక చప్పుడుంటుంది, చెక్కకొకటి. బొటనవేలంత మొదలు, పుచ్చి నల్లబడింది. ఉమ్మి తడి చేసి తుడిచాను. ఒక పక్కన, కందిగింజంత మేర, నీలం.

మసీ సాబ్ వంగి చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

“అయిందా?” అన్నారు సదాశివరావు గారు, కళ్ళు తెరవకుండానే. “అయితే లేపండి. నడుం పట్టేసింది.”

కుడిపక్క మసీ సాబ్, ఎడంపక్క సునంద పట్టుకుని లేపారు.

పలకకి కొత్త రాయి కొననివ్వలేదు నేను. ప్రారంభోత్సవం రద్దయిపోయిన ఒక పలక కొట్టులో పడి ఉంది. రాయి మంచిది. దాని మీదున్న ఏడుగురు పెద్దల పేర్లు ఒక్కపూటలో అరగదీసేశాను. కాంతమ్మ పేరు తెలుగులో, కింద హిందీలో గీసుకుని, “ఏ వాక్యం పెట్టాలమ్మా?” అని సునందకి ఫోను చేశాను. అందరూ బైబిలు వాక్యం పెట్టించుకుంటారు కదా. ఆ అమ్మాయి చెప్పింది విని, “బాగుండదేమోనమ్మా,” అన్నాను. “మా అమ్మకి సర్కారు ఇచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే, చెక్కండి అంకుల్,” అంది.

నెలాఖరుకి రెండ్రోజుల ముందు, ఆదివారం, పలక పరిచి నాలుగు మూలలా సిమెంటు పూశాను. సదాశివరావు గారు వంగి ఎప్పటిలాగే వేలితో తడుముతూ వచ్చారు. పేరు, తారీఖులు, ఆ తరవాత అడుగు లైను. ‘ప్రవర్తన సంతృప్తికరం.’ వేలు అక్కడ ఆగింది. సంచీలోంచి ఒక ఫారం తీశారు.

“శిలాఫలకం ఒకటి, మంచి స్థితిలో ముట్టినది. ఇక్కడ సంతకం పెట్టమ్మా. సాక్షి కనకయ్య. నీ కుడిపక్క ఎవరయ్యా?”

“ఇర్ఫాన్, సార్. చాయ్. ఇద్దరు బిడ్డలు. ఎడంపక్క మున్నీలాల్, పంక్చర్. మోకాళ్ళ నొప్పులు.”

ఆయన కళ్ళజోడు మీదుగా చూసి రాసుకున్నారు. నేను పలక మీది రాతిపొడి తడిగుడ్డతో చివరిసారి తుడిచి, పక్కకి జరిగి సునందకి అప్పగించాను. పొట్లంలో పూలన్నీ ఈసారి ఒక్కచోటే పోయబోయి, ఆగి, రెండు తీసి బ్యాండ్‌మాస్టరు గారికి పెట్టింది.